జెండా పండుగ మన ఊళ్ళకు ఎప్పుడు వచ్చింది?

ప్రతి సమాజానికీ రెండు రకాల పండుగలుంటాయి. మతం చెప్పిన పండుగలు కొన్ని, దేశం తెచ్చిన పండుగలు కొన్ని. రంజాన్, బక్రీద్ మనం జరుపుకుంటాము. దసరా, బతుకమ్మ మన ఇరుగుపొరుగు వారు జరుపుకుంటారు. వారి సత్తుపిండి మన ఇంటికి వస్తుంది, మన షీర్‌ఖుర్మా వారి ఇంటికి పోతుంది. అయితే జగిత్యాలలో గానీ, కోరుట్లలో గానీ, సిరిసిల్లలో గానీ అన్ని ఇండ్ల పిల్లలు ఒకే పొద్దున తలలు దువ్వుకొని, ఉతికిన బట్టలు తొడుక్కొని, జేబుకు చిన్న జెండా పెట్టుకొని బడికి పోయే పండుగలు రెండే రెండు. ఒకటి ఆగస్టు 15, రెండవది జనవరి 26. పల్లెల్లో ఈ రెండింటికీ కలిపి ఒకటే పేరున్నది. అదే జెండా పండుగ.

మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొని బతికేవాళ్ళము. ప్రతి యేడూ ఈ రెండు దినాలకు పిల్లల చేత తఖ్రీర్లు రాయించడం, తరానాలు పాడించడం మా వంతు పని. పుస్తకంలో 1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది అని ఒక్క వాక్యం ఉంటుంది. పిల్లలు దానిని వల్లె వేస్తారు. కాని ఇంటికి పోయి దాదానో, నానానో అడిగితే, "ఆ దినం మనకాడ జెండా లేదు బిడ్డా, మనది అప్పుడు సర్కారే వేరు" అన్న జవాబు వస్తుంది. పుస్తకం తప్పు కాదు, పెద్దల మాటా తప్పు కాదు. రెండింటి నడుమ ఉన్న సంగతి మన పిల్లలకు తెలియవలసి ఉన్నది. అందుకొరకే ఈ వ్యాసం.

ఆ శుక్రవారం

1947లో మన మూడు ఊళ్ళూ హైదరాబాదు సంస్థానంలోని కరీంనగర్ జిల్లాలో ఉండేవి. 16 జిల్లాలు, సుమారు 82 వేల చదరపు మైళ్ళు, కోటీ అరవై లక్షల పైచిలుకు జనం ఉన్న పెద్ద సంస్థానమది. తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడే ప్రజలు. పైన ఉర్దూలో నడిచే దఫ్తర్లు. తహశీల్ కాగితాలలో ఫస్లీ సంవత్సరం రాసేవారు. బజారులో హాలీ సిక్కా చెల్లేది. సర్కారు జెండా పసుపు పచ్చనిది. బ్రిటిష్ వారు వెళ్ళిపోగానే తాము స్వతంత్రులమవుతామని నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1947 జూన్‌లోనే ఫర్మానా వెలువరించినారు.

ఆగస్టు 15 శుక్రవారం నాడు వచ్చింది. అది రంజాన్ నెల. ఆ జుమా అల్‌విదా జుమా. నిజాం రాజ్యంలో వారపు సెలవు శుక్రవారమే గనుక బడులు, కచేరీలు మూసే ఉన్నాయి. అంటే ఢిల్లీలో స్వాతంత్ర్యం కొరకు సెలవు, మన ఊళ్ళలో జుమా కొరకు సెలవు! మూడు రంగుల జెండా ఎత్తడం ఇక్కడ నేరం. సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని స్టేట్ కాంగ్రెస్ ఆగస్టు 7 నుండి సత్యాగ్రహం మొదలుపెట్టింది. దానికి నాయకుడైన స్వామి రామానంద తీర్థను ఆగస్టు 15 నాడే అరెస్టు చేసి జైలుకు పంపినారు. ఎర్రకోట మీద నెహ్రూ పండితుడు జెండా ఎగరేస్తున్న రోజులలో ఇక్కడ జెండా పట్టిన చేతులకు బేడీలు పడ్డాయి.

1947 నవంబరు 29న ఢిల్లీ సర్కారుకూ నిజాం సర్కారుకూ నడుమ ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ ఏడాది నిండకముందే కథ మారిపోయింది.

మన జిల్లా నిద్రపోలేదు

మన తాలూకాలలో రాజకీయ చైతన్యం 1947లో హఠాత్తుగా పుట్టినది కాదు. 1935లో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ నాల్గవ సమావేశం మన సిరిసిల్లలోనే జరిగింది. మాడపాటి హనుమంతరావు పంతులు గారు అధ్యక్షత వహించినారు. వెట్టిచాకిరి పోవాలి, మాతృభాషలో చదువు కావాలి అన్న కోరికలు ఆ మహాసభల వేదికల మీదనే బలం పుంజుకున్నాయి. మగ్గం నేసుకొని బతికే చిన్న ఊరికి అది పెద్ద గౌరవం. సిరిసిల్ల పిల్లలలో ఎంతమందికి ఈ సంగతి తెలుసునో మనమే అడిగి చూడాలె.

కోరుట్లకు మరొక రకమైన పేరుండేది. అక్కడ చేతితో చేసిన కాగితం పట్వారీల లెక్కల పుస్తకాలకు విరివిగా వాడేవారని ఆ కాలపు గెజెట్లలో ఉన్నది. రైతు పండించిన పంట, కట్టిన శిస్తు, పడిన బాకీ, అన్నీ ఆ కాగితం మీదనే ఎక్కేవి. రాసే కలం మాత్రం రైతు చేతిలో లేదు. హిందువైనా ముసల్మానైనా బీదవానికి దొర గడీ ముందర ఒకటే స్థితి. జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో తన భూమి కొరకు విసునూరు దేశ్‌ముఖ్‌తో కోర్టులో పోరాడి ప్రాణమిచ్చిన షేక్ బందగీ ఎవరు? మనవాడే. అతని సమాధి దగ్గర అన్ని కులాల వారూ తలవంచుతారు. రాజు ముసల్మాన్ గనుక ముసల్మాన్లందరూ రాజులే అనుకునేవారు బందగీ కథ చదవవలసినదే.

1938లో ఉస్మానియా విద్యార్థులు వందేమాతరం ఉద్యమంలో బహిష్కరణకు గురై నాగపూరు పోయి చదువుకున్నారు. మన జిల్లాకు చెందిన అనభేరి ప్రభాకర్‌రావు తన సంపన్న కుటుంబపు సుఖం వదిలి దళం కట్టి, 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గరి మహమ్మదాపురం గుట్టల్లో సహచరులతో కూడా కాల్పులలో నేలకొరిగినాడు. సిరిసిల్ల తాలూకా గాలిపల్లి వాడైన బద్దం ఎల్లారెడ్డి అజ్ఞాతంలో ఉండి పోరాటం నడిపినాడు. ఇవన్నీ మన జిల్లా మట్టిలో జరిగిన సంగతులు.

రజాకార్లు, షోయబుల్లా ఖాన్

ఇక చెప్పక తప్పని మాట. కాసిం రజ్వీ నాయకత్వాన రజాకార్లు అనే దండు తయారైంది. వారు ఊళ్ళ మీద పడి చేసిన జులుం నిజం. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండ నిజం. మన పేరు పెట్టుకొని, మన దీన్ పేరు చెప్పి వారు చేసిన దౌర్జన్యాన్ని కప్పిపుచ్చడం మన పని కాదు. జులుం చేసినవాడు ఎవడైనా జాలిమే. ఇది మన మజహబ్ మనకు నేర్పిన మాట.

కాని ఆనాడు ముసల్మాన్లందరూ రజాకార్లతో ఉన్నారని చెప్పడం చరిత్ర కాదు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం పెద్దలు సంస్థానం భారత యూనియన్‌లో చేరడమే మేలని, రజాకార్లను రద్దు చేయాలని బహిరంగంగా ప్రకటన ఇచ్చినారు. బాఖర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా వంటి వారు అందులో ఉన్నారు. ఆ రోజులలో అటువంటి కాగితం మీద సంతకం చేయడమంటే తల పణంగా పెట్టడమే.

ఆ మాటను తన పత్రికలో ధైర్యంగా అచ్చువేసినవాడు షోయబుల్లా ఖాన్. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రిక సంపాదకుడు. వయస్సు ముప్పైకి లోపే. 1948 ఆగస్టు 21 రాత్రి హైదరాబాదులో పత్రిక పని ముగించుకొని ఇంటికి పోతుంటే దారిలో కాచి ఆయన మీద దాడి చేసినారు. రాసే చేతిని నరికినారు. తెల్లవారేసరికి ఆయన కన్నుమూసినాడు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని ఉర్దూలో రాసినందుకు ఒక ముస్లిం యువకుడు ఇచ్చిన ప్రాణమది. మన ఉర్దూ బడి గోడ మీద ఎవరి పటం పెట్టాలి అని ఎవరైనా అడిగితే మా జవాబు సిద్ధంగా ఉన్నది.

ఖుషీ చెయ్యాల్నా, గమ్ చెయ్యాల్నా?

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది. 17వ తేదీన నిజాం రేడియోలో పోరు విరమణ ప్రకటించినారు. అదీ శుక్రవారమే. జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నరు అయినారు. జనం ఈ అయిదు దినాల సంగతిని 'పోలీస్ యాక్షన్' అంటారు.

ఈ తేదీకి నేడు చాలా పేర్లున్నాయి. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమన్నది, కేంద్రం విమోచన దినమన్నది. 2024లో కేంద్రం ఆ పేరునే గెజెట్‌లో ప్రకటించింది. అదే యేడు రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమన్నది. పెద్దలు పేరు కొరకు తగవు పడుతుంటే పిల్లలు అయోమయంలో పడుతున్నారు. ఒకసారి తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు లేచి, "సార్, సెప్టెంబర్ 17 నాడు మనం ఖుషీ చెయ్యాల్నా, గమ్ చెయ్యాల్నా?" అని అడిగినాడు. తరగతి అంతా నిశ్శబ్దమైంది. ఇటువంటి ప్రశ్నను కసిరి కూర్చోబెట్టడం ఉపాధ్యాయ ధర్మం కాదు. మేము వానికి చెప్పిన జవాబునే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాము.

రజాకార్ల జులుం ఆగిపోయింది, మన ఊళ్ళు భారతదేశంలో భాగమైనాయి. ఇది సంతోషించవలసిన సంగతి. అందులో రెండో మాట లేదు. కాని ఆ తరువాతి వారాలలో ఏ పాపమూ ఎరుగని ముస్లిం కుటుంబాల మీద ప్రతీకారం జరిగింది. ప్రధాని నెహ్రూ గారి కోరిక మీద పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ గార్లు 1948 నవంబరు చివర నుండి డిసెంబరు దాకా సంస్థానం తిరిగి నివేదిక ఇచ్చినారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలలో నష్టం అన్నిటికన్న ఎక్కువని, సంస్థానం మొత్తం మీద చనిపోయినవారు 27 వేల నుండి 40 వేల వరకు ఉంటారని వారి అంచనా. ఆ నివేదిక చాలా దశాబ్దాలు బీరువాలో ఉండి 2013లో గాని చదివేవారికి అందలేదు. ఇది దుఃఖించవలసిన సంగతి. ఇందులోనూ రెండో మాట లేదు.

అదే నివేదికలో ఒక ముచ్చట ఉన్నది. మన పిల్లలకు దానిని తప్పక చెప్పాలె. ఎన్నో చోట్ల హిందువులు తమ ముస్లిం పొరుగువారిని ప్రాణాలకు తెగించి కాపాడినారని వారు రాసినారు. ముఖ్యంగా ఒకే వృత్తి చేసేవారి నడుమ ఈ మమత ఎక్కువగా కనిపించిందట. హిందూ నేతగాళ్ళు తమతోటి ముస్లిం నేతగాళ్ళకు అడ్డం నిలబడి, కొన్ని చోట్ల తమ ప్రాణాలే పోగొట్టుకున్నారట. మగ్గం మీద పడుగూ పేకా కలిసినట్లు కలిసి బతికిన మనుషులు కత్తి వచ్చిననాడు విడిపోలేదు. సిరిసిల్ల వంటి నేతగాళ్ళ ఊరిలో ఉండేవారికి ఈ మాట విలువ వేరే చెప్పనక్కర లేదు.

కాబట్టి ఆ పిల్లవానికి మేము చెప్పినది ఇది: బాబూ, ఒకే కంటితో చూస్తే సగమే కనబడుతుంది. భైరాన్‌పల్లి వారి కొరకూ దుఆ చెయ్యి, గుల్బర్గా వారి కొరకూ దుఆ చెయ్యి. షోయబుల్లా ఖాన్‌ను తలుచుకో, పేరు తెలియని ఆ నేతగాళ్ళనూ తలుచుకో. చనిపోయినవారిని కులం చూసి, మతం చూసి లెక్కపెట్టే చరిత్రతో ఎవరికీ మేలు జరగదు.

మొదటి జెండా, మొదటి ఓటు

ఈ విధంగా లెక్క చూస్తే, మన ఊళ్ళలో సర్కారు వారి సమ్మతితో జరిగిన మొట్టమొదటి స్వాతంత్ర్య దినం 1949 ఆగస్టు 15 అవుతుంది. దేశానికి అది రెండవ వార్షికోత్సవం, మనకు మొదటిది. ఆ దినానికి ఉర్దూ వారికి మరొక జ్ఞాపకం కూడా ఉన్నది. 'సియాసత్' దినపత్రికను ఆబిద్ అలీఖాన్, మహబూబ్ హుసేన్ జిగర్ గార్లు 1949 ఆగస్టు 15నే ప్రారంభించినారు. భయంతో, నిరాశతో తలుపులు వేసుకున్న సమాజానికి, ఎంతోమంది నౌకర్లు పోయి, కొందరు దేశమే విడిచిపోతున్న కాలంలో, ఇదే మన దేశం, ఇక్కడే బతుకుదాం అని చెప్పే పత్రిక స్వాతంత్ర్య దినాన పుట్టడం ఎన్నదగిన సంగతి.

అయితే మా అభిప్రాయంలో ఆగస్టు 15 కన్న కూడా మనబోటి వారు ఎక్కువ శ్రద్ధగా జరుపుకోవలసినది జనవరి 26. దీనికి కారణం చెబుతాము. 1929 డిసెంబరు చివర లాహోరులో రావీ నది ఒడ్డున కాంగ్రెసు పూర్ణ స్వరాజ్యం తీర్మానించి, 1930 జనవరి 26ను స్వాతంత్ర్య దినంగా జరిపింది. ఆ రోజు జ్ఞాపకంగానే రాజ్యాంగాన్ని 1950లో అదే తేదీన అమలులో పెట్టినారు. ఇక్కడ మరొక మాట. లాహోరుకు ఎనిమిదేండ్ల ముందే, 1921 అహ్మదాబాదు కాంగ్రెసులో పూర్తి స్వాతంత్ర్యం కావాలని తీర్మానం పెట్టినవారు మౌలానా హస్రత్ మోహానీ. ఆనాడు అది నెగ్గలేదు. మొదట అన్నవానికి ఓపిక కావాలె గదా!

1949 నవంబరులో నిజాం ఫర్మానా వెలువరించి, భారత రాజ్యాంగమే హైదరాబాదుకూ రాజ్యాంగమని ఒప్పుకున్నారు. 1950 జనవరి 26న ఆయనే రాజప్రముఖ్ అయినారు, వెల్లోడి గారు ముఖ్యమంత్రి అయినారు. నిన్నటిదాకా ఆయన నోటి మాటే చట్టం; ఆ దినం నుండి ఆయనకు కూడా చట్టమే పైన. నిన్నటిదాకా మనం రిఆయా, అంటే ప్రభువు నీడలో బతికే జనం. ఆ దినం నుండి మనం పౌరులం. కోరుట్ల కాగితం మీద మన పేరు బాకీదారుగా ఎక్కడం వేరు, ఓటర్ల జాబితాలో ఎక్కడం వేరు.

హాలీ సిక్కా కూడా అప్పుడే అంతరించడం మొదలైంది. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయల లెక్కన మారకం జరిగేది. మన ముసలివారు మొన్నమొన్నటి దాకా 'హాలీ', 'కల్దార్' అని లెక్కలు చెప్పేవారు.

1952లో మొదటి సాధారణ ఎన్నికలు వచ్చినాయి. కరీంనగర్ నుండి పార్లమెంటుకు గెలిచినవారిలో ఒకరు బద్దం ఎల్లారెడ్డి. నిన్నటిదాకా సర్కారు వెతుకుతున్న మనిషిని జనం ఓటు వేసి ఢిల్లీకి పంపినారు! బూర్గుల రామకృష్ణారావు గారు ఎన్నికైన ముఖ్యమంత్రి అయినారు. బురఖాలో ఉన్న తల్లీ, గోచీ పెట్టుకున్న రైతూ, సూటు తొడిగిన నవాబూ ఒకే వరుసలో నిలబడి ఒక్కొక్క ఓటు వేసినారు. జెండా ఇచ్చిన అసలు ఫలం ఇదే.

అదే రాజ్యాంగంలో 29వ, 30వ అధికరణాలు అల్పసంఖ్యాకులకు తమ భాషను, లిపిని కాపాడుకొనే హక్కును, తమ విద్యాసంస్థలను నడుపుకొనే హక్కును ఇస్తున్నాయి. 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు ఏర్పాటు చేయమంటున్నది. ఎనిమిదవ షెడ్యూలులో ఉర్దూ ఉన్నది. మా జీతం, మా బడి, మా పిల్లల పుస్తకం, అన్నీ ఆ కొన్ని పంక్తుల మీద నిలిచి ఉన్నాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చినా, 2014 జూన్ 2న తెలంగాణ వచ్చినా, 2016లో జగిత్యాల, సిరిసిల్ల వేర్వేరు జిల్లాలైనా ఆ పంక్తులు మారలేదు. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయింది. హక్కు కాగితం మీద ఉన్నది. దానిని వాడుకోవడం మన చేతిలో ఉన్నది.

నినాదాలు ఎవరివి?

జెండా పండుగ నాడు పిల్లలు గొంతెత్తి అరిచే నినాదాల పుట్టుక వారికి తెలిస్తే ఆ గొంతులో బలం ఇంకా పెరుగుతుంది. 'ఇంక్విలాబ్ జిందాబాద్' హస్రత్ మోహానీ ఇచ్చినది. 'క్విట్ ఇండియా' అన్న మాట యూసుఫ్ మెహర్ అలీ పేర చెప్పబడుతున్నది. 'జైహింద్' అన్న పలకరింపును నేతాజీకి సూచించినవాడు మన హైదరాబాదు బిడ్డ ఆబిద్ హసన్ సఫ్రానీ. 1943లో నేతాజీ జర్మనీ నుండి జలాంతర్గామిలో తూర్పుకు పోయినప్పుడు వెంట ఉన్న భారతీయుడు ఆయన ఒక్కడే.

ఇంకా వెనుకకు పోతే 1857 జూలై 17న హైదరాబాదు కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి ముందు నడిచినవారు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. తుర్రేబాజ్ ఖాన్‌ను చంపి శవాన్ని బహిరంగంగా వేలాడదీసినారు. మౌల్వీ సాహెబ్ అండమాన్‌లో ఖైదీగా ఉండి అక్కడే మరణించినారు. వీరిని తలుచుకోవడం మనం ఎవరికో రుజువు చూపించడానికి కాదు. స్వంత ఇంటివాడు ఇంటి పత్రాలు మెడలో వేసుకొని తిరగడు. అయితే పత్రాలు ఎక్కడున్నాయో ఇంటి పిల్లలకు తెలిసి ఉండాలె.

తెలుగువారి వంతు కూడా తక్కువది కాదు. 1921 బెజవాడ కాంగ్రెసు సమావేశాలలో గాంధీజీకి జెండా నమూనా ఇచ్చినవారు పింగళి వెంకయ్య గారు. బడిలో ప్రతి ఉదయం పిల్లలు చదివే ప్రతిజ్ఞను 1962లో రాసినవారు నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. తెలుగులో పుట్టిన ఆ ప్రతిజ్ఞను దేశమంతా తమ తమ భాషలలో చదువుతున్నది. మా పిల్లలు ఉర్దూలో చదువుతున్నారు.

నేడు మన ఊళ్ళలో

ప్రభాత భేరి నుండి పండుగ మొదలవుతుంది. ఫజర్ నమాజు ముగిసి బజారు తెరవకముందే బడి పిల్లలు వరుసగా గల్లీ గల్లీ తిరుగుతారు. జగిత్యాల ఖిల్లా 1747లో కట్టినది, నక్షత్రం ఆకారంలో చుట్టూ కందకంతో ఉన్నది. అక్కడ అధికారులు జెండావందనం చేయడం ఆనవాయితీ. ఒకనాడు ఫిరంగులు పెట్టిన బురుజుల నడుమ నేడు పిల్లలు మిఠాయి తింటున్నారు. ఇంతకన్న మంచి మార్పు ఏమి కావాలి?

సిరిసిల్లకు జెండాతో మరో బంధం కలిసింది. పూర్వం జాతీయ జెండా చేతితో వడికి, చేతితో నేసిన ఖాదీతోనే ఉండవలసినది. 2021 డిసెంబరు 30న నియమం సవరించి మరమగ్గపు గుడ్డకు, పాలియెస్టరుకు కూడా అనుమతి ఇచ్చినారు. 2022లో స్వాతంత్ర్య వజ్రోత్సవాలకు రాష్ట్రంలో ఇంటింటికీ పంచడానికి 1 కోటి 20 లక్షల జెండాలు తయారు చేయించినప్పుడు సిరిసిల్ల సాంచాలకు కూడా ఆ పని దొరికింది. ఖాదీ విలువ తగ్గుతున్నదని బాధపడ్డవారూ ఉన్నారు, నాలుగు దినాల కూలి దొరికిందని సంతోషించినవారూ ఉన్నారు. రెండు మాటలలోనూ న్యాయమున్నది.

ఇక మన కుటుంబాలలో ఎందరో దుబాయి, సౌదీ, మస్కట్‌లలో ఉన్నారు. అక్కడి భారత రాయబార కార్యాలయాలలో కూడా ఆగస్టు 15న జెండా ఎగురుతుంది. ఇక్కడ బీడీలు చుట్టే తల్లి, అక్కడ ఎండలో పనిచేసే తండ్రి, బడిలో తరానా పాడే బిడ్డ - ఫోనులో ముగ్గురూ ఒకేసారి ఒకే జెండాను చూస్తున్న కాలమిది.

పిల్లలకు చెప్పవలసిన కొన్ని నియమాలు కూడా ఇక్కడ రాస్తున్నాము. ఆగస్టు 15న జెండాను కింది నుండి పైకి లాగి ఎగురవేస్తారు, ఎందుకంటే ఆ దినం కొత్త దేశం లేచింది. జనవరి 26న పైననే కట్టి ఉన్న జెండాను విప్పుతారు. జెండా పొడవు వెడల్పులు మూడుకు రెండు పాళ్ళు, చక్రానికి 24 ఆకులు. కాషాయం పైన ఉండాలె. చినిగిన జెండా ఎగురవేయరాదు. పండుగ ముగిసిన తరువాత కాగితపు జెండాలు మోరీలలో, కాళ్ళ కింద పడి ఉండడం మనమందరం చూస్తున్నదే. వాటిని ఏరి గౌరవంగా తీసివేయడం పిల్లలకు నేర్పడం వంద తఖ్రీర్లకు సమానం. ప్లాస్టిక్ జెండాలు అసలే కొనవద్దు.

సంఘ సభ్యులకు మనవి

చివరిగా మన సంక్షేమ సంఘం పెద్దలకు, సభ్యులకు మూడు మనవులు చేస్తున్నాము.

ఒకటి: మన ఇండ్లలో 1948 నాటి మాటలు తమ పెద్దల నోట విన్నవారు ఇంకా కొందరున్నారు. వారి మాటలను పిల్లల చేత రాయించి పెట్టండి. ఉర్దూలో అయినా సరే, తెలుగులో అయినా సరే. బాధ కలిగించేవి కూడా రాయించండి, మేలు చేసిన పొరుగువారి పేర్లు కూడా రాయించండి. ఆ పేర్లు మరచిపోవడం నమక్‌హరామీ అవుతుంది.

రెండు: జనవరి 26 నాడు మిఠాయితో పాటు రాజ్యాంగం నుండి ఒక్క పుట ఉర్దూలోనూ తెలుగులోనూ చదివి వినిపించండి. హక్కు తెలియనివాడు హక్కు ఉన్నా బీదవాడే.

మూడు: ఆ దినం ఓటరు కార్డు లేని యువకుల చేత, ముఖ్యంగా ఆడపిల్లల చేత, దరఖాస్తులు నింపించండి. బడి మానిన పిల్లలు ఎవరున్నారో గల్లీ వారీగా లెక్క తీయండి. జెండాకు సలాం చేసే చేయి పుస్తకం పట్టలేకపోతే ఆ సలాం అసంపూర్ణమే.

మన పెద్దలు రెండేండ్లు ఆలస్యంగా ఈ జెండా కింద నిలబడినారు. నిలబడడానికి కొందరు ప్రాణాలిచ్చినారు, కొందరు ఇంటివారిని పోగొట్టుకొని కూడా కదలకుండా నిలబడినారు. ఇరువురికీ మనం రుణపడి ఉన్నాము. అల్లా మన ఊళ్ళను శాంతితో ఉంచుగాక, మన పిల్లలకు ఇల్మ్ ప్రసాదించుగాక. ఆమీన్.

జైహింద్.